హిట్ పాటలే పెట్టినా ఫ్లోర్ ఎందుకు ఖాళీ అయింది?

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది. ఆఫీసులో రెట్రో నైట్ అన్నారు. 1970లు, 80ల నాటి ఇంగ్లీషు డాన్స్ పాటలు పెట్టే పని మీకు అప్పగించారు. మీరు వెతికి వెతికి, అన్నీ పెద్ద హిట్లే ఏరి, ఫోన్‌లో వరసగా పేర్చుకున్నారు. మొదటి పాటకి అందరూ లేచారు. రెండో పాటకి తికమకపడ్డారు. నాలుగో పాట అయ్యేసరికి ఫ్లోర్ మీద ముగ్గురో నలుగురో మిగిలారు. డిసెంబరులో మళ్లీ మీరే పెట్టాలి కాబట్టి టెన్షన్. పాటలు పాతబడిపోయాయా, లేక మనవాళ్లకి ఈ సంగీతం ఎక్కదా అని అడిగారు.

రెండూ కావు. మీరు రాసిన లిస్టులో మొదటి నాలుగు పేర్లు చూడగానే ఏం జరిగిందో తెలిసిపోయింది. 'స్టేయిన్ అలైవ్', తర్వాత 'టేక్ ఆన్ మీ', తర్వాత 'ఐ విల్ సర్వైవ్', తర్వాత 'టెయింటెడ్ లవ్'. నాలుగూ బంగారం లాంటి పాటలు. కానీ మొదటిది నిమిషానికి దాదాపు 104 దెబ్బల మీద నడుస్తుంది. రెండోది 169కి దగ్గర. మూడోది 117. నాలుగోది 144. మనిషిని నడిపించి, పరిగెత్తించి, ఆపి, మళ్లీ పరిగెత్తిస్తే ఏమవుతుంది? కాళ్లు తడబడతాయి. తడబడిన మనిషి సిగ్గుపడి పక్కకెళ్లి కూర్చుంటాడు. ఒకసారి కూర్చున్నవాణ్ని మళ్లీ లేపడం చాలా కష్టం.

నేను ఇరవై ఆరేళ్లుగా పాటలు వేస్తున్నాను. మొదట విశాఖలో, తర్వాత హైదరాబాద్‌లో. హోటళ్లు, క్లబ్బులు, పెళ్లి సంగీత్‌లు, కాలేజీ రీయూనియన్లు అన్నీ చూశాను. నాకు బాగా ఇష్టమైన కాలం మీరు అడిగిన కాలమే, 1973 నుంచి 1986 దాకా. అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఈ పాటలు ఎలా తయారయ్యాయో తెలిస్తే ఎలా పెట్టాలో వాటంతట అవే చెబుతాయి.

ముందు చిన్న పని చేయండి. ఒక డిస్కో పాట పెట్టుకుని, గొంతునీ ట్యూన్‌నీ పట్టించుకోకుండా, అడుగున ఏం మోగుతోందో మాత్రమే వినండి. కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము ఉంటుంది, దాన్ని కిక్ అంటాం. అది ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ప్రతి దెబ్బకీ పడుతూనే ఉంటుంది. రెండు కిక్‌ల మధ్య ఖాళీలో 'త్స్' అని పళ్లేల చప్పుడు వస్తుంది. అది హై-హ్యాట్, కొద్దిగా తెరిచి వెంటనే మూస్తారు. కిక్ పడినప్పుడు అడుగు కిందికి దిగుతుంది, 'త్స్' అన్నప్పుడు మడమ లేస్తుంది. డాన్స్ రాని మనిషికి కూడా ఈ రెండింటి మధ్య ఒళ్లు కదులుతుంది. ఫిలడెల్ఫియా డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ 1973లో హెరాల్డ్ మెల్విన్ అండ్ ద బ్లూ నోట్స్ వాళ్ల 'ద లవ్ ఐ లాస్ట్' పాటలో ఈ నడక వాయించాడు. ఆ తర్వాత వచ్చిన డిస్కో అంతా దాని మీదే నడిచింది.

మన దగ్గర పెట్టేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన తీన్మార్ దరువు మూడు మూడుగా దొర్లుతుంది, భుజాలతో ఆడిస్తుంది. డిస్కో నాలుగు నాలుగుగా సూటిగా నడుస్తుంది, నడుముతో, మడమలతో ఆడిస్తుంది. మనవాళ్లకి ఈ నడక ఒంటబట్టడానికి రెండు మూడు పాటలు పడుతుంది. ఆ రెండు మూడు పాటల్లో మీరు వేగం మార్చకుండా ఉంటే చాలు, తర్వాత వాళ్లే మిమ్మల్ని లాక్కెళతారు.

ఇక మీరు చేసిన రెండో పొరపాటు. అది మీ ఒక్కరిదే కాదు, దాదాపు అందరూ చేస్తారు. మీరు పెట్టినవన్నీ రేడియో కోసం కుదించిన వెర్షన్లు. మూడున్నర నిమిషాలకి పాట అయిపోతుంది. జనం ఇంకా లయలో కుదురుకుంటుండగానే శబ్దం తగ్గి ఆగిపోతుంది, ఒక క్షణం నిశ్శబ్దం, తర్వాత వేరే లయ. ప్రతి పాట చివరా ఫ్లోర్ వదిలి వెళ్లడానికి మీరే వాళ్లకి ఒక తలుపు తెరుస్తున్నారు.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1970ల మొదట్లో టామ్ మౌల్టన్ అనే ఆయన న్యూయార్క్ దగ్గరి ఫైర్ ఐలాండ్‌లో డాన్స్ చేసేవాళ్లని గమనిస్తూ కూర్చున్నాడు. పాట అయిపోయి ఇంకో పాట మొదలైనప్పుడల్లా ఆడేవాళ్లు ఫ్లోర్ దిగిపోతున్నారని చూశాడు. అసలు ఆగకుండా నడిచే టేపు ఒకటి ఉంటే బాగుంటుంది కదా అనుకున్నాడు. ఇంట్లో కూర్చుని, పాటల్ని ఒకదానిలోంచి ఒకదానిలోకి కలుపుతూ, 45 నిమిషాల టేపు చేయడానికి దాదాపు 80 గంటలు పట్టింది. ఇప్పుడు ఫోన్‌లో ఒక్క వేలితో అయ్యే పనికి ఆ రోజుల్లో ఆయన పడ్డ శ్రమ తలుచుకుంటే నాకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. 1975లో వచ్చిన గ్లోరియా గేనర్ ఆల్బమ్‌లో ఒక వైపు మొత్తం మూడు పాటల్ని మధ్యలో ఆగకుండా కలిపింది కూడా ఆయనే.

తర్వాత అనుకోకుండా ఇంకో మేలు జరిగింది. అప్పట్లో ఒక్కో పాట 7 అంగుళాల చిన్న రికార్డు మీద వచ్చేది. ఒకరోజు మౌల్టన్ పాటని డిస్కు మీద గాడిగా కోయించడానికి వెళితే ఆ సైజు ఖాళీ డిస్కులు అయిపోయాయి. ఇంజనీరు హోసే రోడ్రిగెజ్ పెద్ద డిస్కు మీద కోశాడు. చోటు ఎక్కువ ఉంది కాబట్టి గాడుల్ని ఎడంగా పరిచి, శబ్దం పెంచాడు. విని చూస్తే ఆ బేస్ గుండెకి తగులుతోంది. కారణం సులువే. లోతైన శబ్దానికి రికార్డు మీది గాడి అటూ ఇటూ వెడల్పుగా ఊగాలి. చిన్న రికార్డు మీద పాట పొడవైతే గాడులు ఇరుకవుతాయి, అప్పుడు బేస్ తగ్గించక తప్పదు. పెద్ద రికార్డు మీద పొడవూ ఉంటుంది, బలమూ ఉంటుంది. 1976లో సాల్సోల్ కంపెనీ డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాట 'టెన్ పర్సెంట్'ని 12 అంగుళాల సింగిల్‌గా కొట్లలో అమ్మకానికి పెట్టింది. అలా అమ్మకానికి వచ్చిన మొదటిది అదే. వాల్టర్ గిబ్బన్స్ అనే డీజే చిన్న పాటని సాగదీసి దాదాపు పది నిమిషాలు చేశాడు. సాగదీయడం అంటే పల్లవిని పదిసార్లు తిప్పడం కాదు. గొంతు తీసేస్తాడు, వయొలిన్లు తీసేస్తాడు, డ్రమ్మూ బేసూ మాత్రం మిగులుస్తాడు, తర్వాత ఒక్కో వాయిద్యం తిరిగి వస్తుంది. ఆ ఖాళీలోనే జనం కేకలు వేస్తారు.

కాబట్టి మీరు వెతికేటప్పుడు ప్రతి పాట పేరు పక్కనా 'ట్వెల్వ్ ఇంచ్' అనో 'ఎక్స్‌టెండెడ్ వెర్షన్' అనో కొట్టి వెతకండి. ఆ కాలం పాటల్లో చాలావాటికి ఒరిజినల్ పొడుగు వెర్షన్లు దొరుకుతాయి. ఈమధ్య ఎవరో కొత్త బీట్ అతికించిన రీమిక్స్‌లు వద్దు. అప్పటివాళ్లు ఫ్లోర్‌ని చూసి చేసిన పని వేరు, ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని అతికించింది వేరు.

'స్టేయిన్ అలైవ్' గురించి ఒక మాట చెప్పాలి, మీరు దాంతోనే మొదలుపెట్టారు కాబట్టి. మొదలుపెట్టడం మంచి ఎంపికే. 1977లో ఆ పాట చేసిన బీ జీస్ బృందం వాళ్లు ఫ్రాన్స్‌లో హేరువిల్ కోటలోని స్టూడియోలో పనిచేస్తున్నారు. కుటుంబంలో మరణం వల్ల డ్రమ్మర్ డెన్నిస్ బ్రయన్ ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. పని ఆగకూడదని ప్రొడ్యూసర్లు ఆల్బీ గాలుటెన్, కార్ల్ రిచర్డ్‌సన్ అప్పటికే రికార్డయిన 'నైట్ ఫీవర్' పాటలోంచి రెండు ఆవర్తాల డ్రమ్ముని కోసి, ఆ టేపు రెండు కొసలూ కలిపి అతికించి, గుండ్రంగా తిప్పారు. ఆ చిన్న ముక్కే పాట పొడుగునా తిరుగుతూ ఉంటుంది. మనిషి వాయించినదే, కానీ యంత్రంలా ఒక్క వెంట్రుక కూడా జరగదు. రికార్డు మీద డ్రమ్మర్ పేరు బెర్నార్డ్ లూప్ అని వేశారు. అలాంటి మనిషి లేడు. ఆ నడక నిమిషానికి 100 నుంచి 120 మధ్యలో ఉంటుంది కాబట్టే, గుండె ఆగినవాళ్లకి సీపీఆర్ చేయడం నేర్పేటప్పుడు ఛాతీ నొక్కే వేగానికి ఈ పాటని మనసులో పాడుకోమంటారు. చురుగ్గా నడిచే మనిషి వేగం అది. పార్టీ మొదట్లో చేతిలో గ్లాసుతో నిలబడ్డవాళ్లకి సరిగ్గా సరిపోతుంది. మీ తప్పు దాని తర్వాత ఏం పెట్టారన్నదే.

ఆ వేగం పక్కనే పెట్టదగ్గది షీక్ బృందం 1979 పాట 'గుడ్ టైమ్స్'. 110 చిల్లర మీద నడుస్తుంది. బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్ గిటార్ ఇందులో పాడినట్టే ఉంటుంది. నైల్ రోడ్జర్స్ గిటార్ దాని మీద చిన్న చిన్న కత్తిరింపుల్లా పడుతుంది. ఆ బేస్ నడక మీదే అదే ఏడాది 'రాపర్స్ డిలైట్' అనే రాప్ పాట వచ్చింది. మరుసటి ఏడాది క్వీన్ బృందం 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' చేసింది. మీ ఆఫీసులో రాక్ అంటే ఇష్టపడే కుర్రాళ్లు ఉంటారు. వాళ్లు 'డిస్కో మాకొద్దు' అని గోడకి ఆనుకుని నిలబడతారు. 'గుడ్ టైమ్స్' తర్వాత క్వీన్ పాట పెట్టండి. వేగం మారదు, బేస్ దాదాపు అదే కుటుంబం. ఏం జరిగిందో తెలియకుండానే వాళ్లు ఫ్లోర్ మీదికి వచ్చేస్తారు. నేను ఇది ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు, ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇప్పుడు నా మనసుకి అన్నిటికంటే దగ్గరైన పాట. డిస్కోకీ, యంత్రాల శబ్దాలతో చేసే సింథ్-పాప్‌కీ మధ్య ఉన్న వంతెన అదే. డోనా సమ్మర్ 'ఐ ఫీల్ లవ్', 1977. జర్మనీలో మ్యూనిక్ ఊళ్లో మ్యూజిక్‌ల్యాండ్ స్టూడియోలో జోర్జో మొరోడర్, పీట్ బెలోట్ చేశారు. ఆ పాట ఉన్న ఆల్బమ్ ఆలోచనే వింతగా ఉంటుంది. పాత దశాబ్దాల సంగీతాన్ని ఒక్కో పాటలో చూపిస్తూ వచ్చి, చివర్న భవిష్యత్తు ఎలా ఉంటుందో వినిపించాలనుకున్నారు. భవిష్యత్తు అంటే వాయిద్యాలు ఉండకూడదు. అందుకని కరెంటుతో స్వరాలు పుట్టించే, అల్మారా అంత ఉండే మూగ్ సింథసైజర్ తెచ్చారు. రాబీ వెడెల్ అనే ఇంజనీరు దాన్ని టేపుతో తాళం తప్పకుండా నడిపే ఉపాయం చూపించాడు. ఆ యంత్రం వేడెక్కితే శ్రుతి జారిపోయేది. కాబట్టి కొన్ని సెకన్లు రికార్డు చేయడం, ఆపడం, శ్రుతి సరిచేయడం, మళ్లీ కొనసాగించడం. ఇంత యంత్రం పెట్టినా మంచి కిక్ మాత్రం దానిలోంచి రాలేదు. కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్ కూర్చుని కాలితో తొక్కాడు. ఆ పాటలో డోనా గొంతు కాక మిగిలిన మనిషి జాడ ఆ ఒక్క కాలే.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. బేస్ స్వరం ఒకటి ఒక చెవిలో మోగుతుంది, దాని ప్రతిధ్వని రెండు దెబ్బల మధ్యలో రెండో చెవిలో మోగుతుంది. వాయించినవి సగమే, మిగతా సగం ప్రతిధ్వని నింపింది. అందుకే ఆ పరుగు. పైన డోనా గొంతు మాత్రం ఏ తొందరా లేకుండా పొడుగ్గా, గాలిలో తేలినట్టు ఉంటుంది. కింద యంత్రం పరిగెడుతుంటే పైన మనిషి విశ్రాంతిగా ఉండటం, ఇప్పటి డాన్స్ సంగీతంలో సగం ఈ ఒక్క ఆలోచనలోంచే వచ్చింది. బ్రిటన్‌లో ఆ పాట నాలుగు వారాలు మొదటి స్థానంలో ఉంది. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో పాట్రిక్ కౌలీ దాన్ని 15 నిమిషాలు దాటించి ఒక మిక్స్ చేశాడు. ఆఫీసు పార్టీకి అంత పొడుగు వద్దు. ఎనిమిది నిమిషాల వెర్షన్ చాలు.

మీరు ఇంకో మాట కూడా రాశారు: 'డిస్కో 1980కల్లా చచ్చిపోయిందట కదా, మరి తర్వాతి పాటలు వేరే రకమా' అని. పేరు పోయింది, ప్రాణం పోలేదు. 1979 జులై 12న షికాగోలో కొమిస్కీ పార్క్ అనే బేస్‌బాల్ మైదానంలో, రెండు మ్యాచ్‌ల మధ్య, రేడియోలో కార్యక్రమం నడిపే ఒకాయన పిలుపు మీద డిస్కో రికార్డుల కుప్పని పేల్చేశారు. జనం మైదానంలోకి దూకి గడ్డి పీకేశారు. రెండో మ్యాచ్ జరగనే లేదు. చూడటానికి సరదా అన్నారు కానీ, ఆ సంగీతం పుట్టింది నల్లజాతివాళ్లు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు కలిసి ఆడుకున్న గదుల్లో. తగలబెట్టింది ఎవరి సంతోషాన్నో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఆ రాత్రి ఆ మైదానంలో టిక్కెట్టు చూసి సీట్లు చూపించే కుర్రాడు విన్స్ లారెన్స్. కొన్నేళ్లకి అదే షికాగోలో హౌస్ అనే డాన్స్ సంగీతం మొదలుపెట్టిన వాళ్లలో అతనూ ఒకడయ్యాడు. ఆ సంగీతం అడుగున కూడా నాలుగు దెబ్బల కిక్కే ఉంది.

అమెరికాలో కంపెనీలు డిస్కో అన్న మాటకి భయపడుతున్న రోజుల్లో, ఇంగ్లండులో పరిశ్రమల ఊళ్ల కుర్రాళ్లు చవకైన సింథసైజర్లు కొనుక్కుంటున్నారు. వాళ్లలో చాలామందికి వాయిద్యం నేర్పిన గురువు లేడు. షెఫీల్డ్‌లో హ్యూమన్ లీగ్ బృందం. 1980లో అది రెండుగా చీలిపోతే గాయకుడు ఫిల్ ఓకీ ఆ ఊళ్లో ఒక నైట్‌క్లబ్‌లో డాన్స్ చేస్తున్న ఇద్దరు స్కూలు అమ్మాయిల్ని, జోయాన్ కాథరాల్, సుజాన్ సల్లీలని, బృందంలోకి రమ్మన్నాడు. మరుసటి ఏడాది 'డోంట్ యూ వాంట్ మీ'. ఓకీకి ఆ పాట నచ్చలేదు, ఆల్బమ్‌లో చిట్టచివర పెట్టాడు, సింగిల్‌గా వద్దన్నాడు. 1981 క్రిస్మస్‌కి బ్రిటన్‌లో అదే మొదటి స్థానం, 1982 జులైలో అమెరికాలోనూ అదే. అందులో డ్రమ్మర్ లేడు. రోజర్ లిన్ తయారుచేసిన ఎల్ఎం-1 అనే యంత్రం ఉంది. అసలు డ్రమ్ముల శబ్దాలని చిప్‌లలో దాచుకుని, చెప్పిన వరసలో వాయించిన మొదటి డ్రమ్ మెషిన్ అది. కొద్ది వందలే తయారయ్యాయి. ధర దాదాపు అయిదు వేల డాలర్లు. ఫ్లోర్ మీద ఈ పాటకి ఉన్న గొప్ప లక్షణం, మగ గొంతు ఒక కథ చెబుతుంది, ఆడ గొంతు 'అలా కాదు, జరిగింది ఇదీ' అని తన కథ చెబుతుంది. జనం రెండు జట్లుగా విడిపోయి ఒకరి మీద ఒకరు పాడుకుంటారు. మైక్ ఉంటే ఇచ్చేయండి.

లీడ్స్ నుంచి సాఫ్ట్ సెల్ వాళ్ల 'టెయింటెడ్ లవ్', 1981. ఇది సొంత పాట కాదు. 1960లలో గ్లోరియా జోన్స్ పాడిన సోల్ పాట. అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు, ఉత్తర ఇంగ్లండు క్లబ్బుల్లో మాత్రం డీజేలు బతికించారు. పాట అద్భుతం, కానీ 144 మీద ఉంటుంది కాబట్టి మధ్యలో పెట్టకండి. 'టేక్ ఆన్ మీ' అయితే ఇంకా వేగం. అది అందరూ గొంతెత్తి పాడే పాట, ఆడే పాట కాదు. ఈ రెండూ ఆఖరి అరగంటకి దాచండి.

మాంచెస్టర్ బృందం న్యూ ఆర్డర్ గురించి చెప్పకుండా ఉండలేను. 'బ్లూ మండే', 1983 మార్చి. 12 అంగుళాల రికార్డుగానే విడుదల చేశారు. ఏడున్నర నిమిషాలు. ఇప్పటివరకు ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన 12 అంగుళాల సింగిల్ అదే. కచేరీ చివర 'ఇంకొక్కటి' అని జనం అడిగితే తిరిగి వేదిక ఎక్కడం ఆ బృందానికి ఇష్టం ఉండేది కాదు. యంత్రాల్ని వాటంతట అవి వాయించేలా వదిలేసి వెళ్లిపోదాం అన్న ఆలోచనలోంచి ఈ పాట పెరిగింది. డీఎంఎక్స్ అనే డ్రమ్ యంత్రం, మూగ్ బేస్, బెర్నార్డ్ సమ్నర్ కిట్ కొని సొంతంగా అతుకులు వేసి తయారుచేసుకున్న సీక్వెన్సర్, అంటే ఎక్కించిన స్వరాల్ని వరసగా వాయించే యంత్రం. గిలియన్ గిల్బర్ట్ స్వరాలన్నీ కాగితాల మీద రాసుకుని ఒక్కొక్కటీ యంత్రానికి ఎక్కించింది. ఎక్కడో ఒకటి వదిలేసింది. దాంతో ఆ మెలోడీ బీట్‌కి కొంచెం పక్కకి జరిగి నడుస్తుంది. బాగుందని అలాగే ఉంచేశారు. అన్నీ యంత్రాలే, కానీ చెవికి ఆగకుండా ఏదో వెలితి, ఏదో లాగుడు. అది మనిషి పొరపాటు ఇచ్చిన అందం.

ఆ పాట మొదలు మీకు బాగా ఉపయోగపడుతుంది. రెండు విడి దెబ్బలు, తర్వాత గుర్రం పరుగులా ఎనిమిది చిన్న దెబ్బలు. ధన్... ధన్... ధధధధధధధధ. ఇంకేమీ ఉండదు. గొంతు రావడానికి రెండు నిమిషాలు పైనే పడుతుంది. మీరు భయపడి ముందుకి జరపకండి. ఆ దెబ్బలు వినగానే తెలిసినవాళ్లు పరుగున వస్తారు, తెలియనివాళ్లకి ఆ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మనవాళ్లకి ఈ సంగీతం ఎక్కదా అన్నారు కదా. మీ ఆఫీసులో యాభై దాటినవాళ్లని అడిగి చూడండి. బోనీ ఎం క్యాసెట్ లేని టేప్‌రికార్డర్ ఇల్లు అప్పట్లో తక్కువ. 'డాడీ కూల్', 'రస్పుతిన్' జర్మనీలో ఫ్రాంక్ ఫారియన్ చేసినవి. మోడర్న్ టాకింగ్ వాళ్ల 'బ్రదర్ లూయీ' కూడా అక్కడిదే. 1974లో ప్రపంచమంతా ఊగిపోయిన 'కుంగ్ ఫూ ఫైటింగ్' ప్రొడ్యూసర్ బిడ్డు మన పక్కనే బెంగళూరులో పుట్టినవాడు. కార్ల్ డగ్లస్ చేత సెషన్ చివర మిగిలిన కాస్త సమయంలో, రికార్డు రెండో వైపు కోసమని గబగబా పాడించిన పాట అది. ఆ బిడ్డే 1980లో నాజియా హసన్ చేత 'ఆప్ జైసా కోయీ' పాడించాడు. 1982లో ముంబైలో చరణ్‌జిత్ సింగ్ పది రాగాల్ని రోలాండ్ టీఆర్-808 డ్రమ్ యంత్రం, టీబీ-303 బేస్ యంత్రం మీద డిస్కో నడకలో రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ వినలేదు, ఇప్పుడు ప్రపంచం వెతుక్కుని వింటోంది. అదే కాలంలో బప్పీ లహరి హిందీలో డిస్కో మోత మోగించి, 1986లో కృష్ణ 'సింహాసనం'తో తెలుగులోకి వచ్చాడు. ఆ పాటలకి పెరిగిన తరం మీ మేనేజర్లు. ఈ నడక వాళ్ల ఒంట్లో ఉంది. గుర్తుచేయడమే మీ పని.

ఇక డిసెంబరుకి వరస. మొదటి అరగంట 100 నుంచి 113 మధ్య ఉండండి: 'స్టేయిన్ అలైవ్', 'గుడ్ టైమ్స్', క్వీన్ పాట, చివర్లో పెట్ షాప్ బాయ్స్ 'వెస్ట్ ఎండ్ గర్ల్స్'. తర్వాత 117, 118కి ఎక్కండి. మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్', 'డోంట్ యూ వాంట్ మీ' పక్కపక్కన పెడితే అతుకు కూడా కనపడదు. అక్కణ్నుంచి షీక్ 'ల ఫ్రీక్', లిప్స్ ఇంక్ 'ఫంకీటౌన్' మీదుగా 120 దాటించండి. 125 దగ్గర యురిథ్మిక్స్ 'స్వీట్ డ్రీమ్స్', బోనీ ఎం. అందరూ చెమటలు పట్టి ఉన్నప్పుడు 'ఐ ఫీల్ లవ్', దాని వెంటే 'బ్లూ మండే'. ఈ రెండూ కలిపి పావుగంట. రాత్రి మొత్తానికి శిఖరం అదే. తర్వాత పాటకీ పాటకీ మధ్య ఒకసారి గాలి పీల్చుకోనిచ్చి 'టెయింటెడ్ లవ్', 'టేక్ ఆన్ మీ'. ఆఖరి పాటల్లో తప్ప, ఒక పాట నుంచి ఇంకో పాటకి ఆరేడు దెబ్బలకి మించి ఎగరకూడదన్నది నేను పాటించే నియమం. ఫోన్‌లో క్రాస్‌ఫేడ్ ఎనిమిది సెకన్లు పెట్టుకోండి, మధ్యలో నిశ్శబ్దం రాదు. స్పీకర్లు అద్దెకి తెచ్చేవాళ్లని సబ్‌వూఫర్, అంటే లోతైన శబ్దం కోసం ఉండే పెద్ద స్పీకర్, తప్పకుండా అడగండి. అది లేకపోతే కిక్ వినిపిస్తుంది కానీ తగలదు, తగలకపోతే ఎవరూ కదలరు.

'ఐ విల్ సర్వైవ్' ఎక్కడ అని మీకు అనుమానం వచ్చి ఉంటుంది. నేను పని మొదలుపెట్టిన కొత్తలో ఒక హోటల్‌లో నిండిన ఫ్లోర్ మధ్యలో ఆ పాట పెట్టాను. అది పియానో జాలువారడంతో మొదలవుతుంది, తర్వాత గ్లోరియా గేనర్ బీట్ లేకుండా, తాళానికి కట్టుబడకుండా నెమ్మదిగా రెండు వాక్యాలు పాడుతుంది. ఆ కొద్ది సెకన్లలో ఆడేవాళ్లంతా ఆగిపోయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సగం మంది వెళ్లిపోయారు. మేనేజర్ ముందు తలెత్తలేకపోయాను. ఆ పాట పుట్టుకే అలాంటిది. 1978లో రికార్డు వెనక వైపు పాటగా వచ్చింది. వెన్నెముక ఆపరేషన్ తర్వాత గేనర్ నడుముకి పట్టీ కట్టుకుని నిలబడి పాడింది. ముందు వైపు పాటని వదిలేసి, న్యూయార్క్ డీజేలు రికార్డు తిప్పి వేశారు. జనం విడిచిపెట్టలేదు. డిస్కోకి గ్రామీ అవార్డు ఒకే ఒక్క ఏడాది ఇచ్చారు, అది ఈ పాటకే.

దాన్ని అన్నిటికంటే చివర పెట్టండి. లైట్లు సగం వేసేసి, అందరూ బ్యాగులు వెతుక్కుంటున్నప్పుడు. అప్పుడు ఆ పియానో జాలువారితే, మధ్యలో ఆడేవాళ్లని చెదరగొట్టిన ఆ నెమ్మది మొదలే మూలమూలల ఉన్నవాళ్లని పిలుచుకొస్తుంది. కిక్ పడేలోపు ఫ్లోర్ మీదికి చేరడానికి వాళ్లకి సరిపడా సమయం ఉంటుంది.